మూడు పొరల పల్లీ బార్స్: పాలమూరు ఎండల్లో కూడా పొర చెదరకుండా

కింద బిస్కెట్ లాంటి పొర, మధ్యలో బెల్లం కేరమెల్‌లో మునిగిన పల్లీలు, పైన చాక్లెట్. కొరికితే ముందు చాక్లెట్ టక్కున విరగాలి, తర్వాత కేరమెల్ పంటికి అంటీ అంటనట్టు సాగాలి, చివరికి కింది పొర నోట్లో పొడిపొడిగా రాలిపోవాలి. ఈ మూడూ ఒకే ముక్కలో కుదిరితే బేకరీకి పోవాల్సిన అవసరమే లేదు. చేయడం కష్టం కాదు గానీ తొందరపడితే మాత్రం అస్సలు కుదరదు. మా మహబూబ్‌నగర్‌లో మార్చి దాటిందంటే బయట పెట్టిన వెన్న చూస్తుండగానే జారిపోతుంది. వీడియోల్లో 'బయట అరగంట ఆరనివ్వండి' అని చెప్పేవాళ్ల వంటిల్లు వేరు, మన వంటిల్లు వేరు. అందుకే మన ఎండను లెక్కలో పెట్టుకుని ఎలా చేయాలో రాస్తున్నాను.

దీనికి మూలం స్కాట్లాండ్ వాళ్ల షార్ట్‌బ్రెడ్. దాని మీద కేరమెల్, చాక్లెట్ పోస్తే మిలియనీర్స్ షార్ట్‌బ్రెడ్ అంటారు. అందులో పల్లీలు, బెల్లం, జొన్నపిండి ఉండవు, ఆ మూడూ మన ఇంటి చేర్పులు. ఇష్టం వచ్చినట్టు కలిపినవి మాత్రం కావు, ఒక్కోదానికి కారణం ఉంది, చెప్తాను.

ముందు కొలతలు. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి (8 అంగుళాల కేక్ టిన్ అని అడిగితే ఇస్తారు) కింది పొర కోసం మైదా 150 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు, పొడి చేసిన చక్కెర 50 గ్రాములు, వెన్న 120 గ్రాములు. మధ్య పొరకు కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా, అంటే 380 నుంచి 400 గ్రాములు, తురిమిన బెల్లం 80 గ్రాములు, వెన్న 60 గ్రాములు, వేయించి పొట్టు తీసిన పల్లీలు 120 గ్రాములు, చిటికెడు వంటసోడా. పైకి డార్క్ కాంపౌండ్ చాక్లెట్ 180 గ్రాములు, ఒక చెంచా నూనె. ఉప్పు ఉన్న వెన్న వాడితే మళ్లీ ఉప్పు వద్దు, ఉప్పు లేనిదైతే కింది పొరలో చిటికెడు, కేరమెల్‌లో చిటికెడు వేయండి. ఉప్పు లేకపోతే ఈ తీపి వెగటు పుట్టిస్తుంది. కప్పులతో కొలవొద్దని నా సలహా. మైదా నొక్కి పోస్తే ఒక బరువు, జల్లించి పోస్తే ఇంకో బరువు, కింది పొర పాడయ్యేది ఎక్కువసార్లు అక్కడే. చిన్న కిచెన్ స్కేల్ ఒకటి కొనుక్కుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పల్లీల దగ్గర పిసినారితనం వద్దు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగిలో ఎటు చూసినా పల్లి చేనే కదా, కొత్త పల్లీలు మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒకసారి చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. సన్న మంట మీద, చేయి ఆపకుండా కలుపుతూ, గింజ లోపల కూడా లేత గోధుమ రంగు వచ్చేదాకా వేయించాలి. పైన మచ్చలు పడి లోపల పచ్చిగా ఉంటే కేరమెల్‌లో పడ్డాక మెత్తబడి పచ్చి వాసన కొడతాయి. చల్లారాక గుడ్డలో వేసి నలిపి, చాటలో పోసి ఆరుబయట నాలుగుసార్లు చెరిగితే పొట్టంతా గాలికి పోయి పప్పు బద్దలుగా మిగులుతుంది. అప్పుడే ఒక్కో బద్దను చూసుకోండి, నల్లగా ముడుచుకున్నవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. ఒక్క చేదు గింజ నోరంతా పాడు చేస్తుంది, అంతకంటే ముఖ్యం, బూజు పట్టిన పల్లీలో పుట్టే విషం వేయించినా పోదు.

ఇక కింది పొర. జొన్న రొట్టె కొట్టేటప్పుడు గుర్తుందా, పిండి సాగదు, వేడి నీళ్లు పోసి ఎంత పిసికినా అంచులు చిట్లుతుంటాయి, ఎందుకంటే గోధుమలో ఉండే జిగురు జొన్నలో ఉండదు. రొట్టెకు ఏ గుణం ఇబ్బందో ఈ పొరకు సరిగ్గా ఆ గుణమే కావాలి. మైదా ఒక్కటే వేస్తే, అందులోనూ చేతులు ఎక్కువ ఆడిస్తే, జిగురు పట్టి పొర గట్టిపడుతుంది, కొరికితే విరుగుతుంది గానీ రాలదు. పావు వంతు జొన్నపిండి పడితే పొడిపొడిగా రాలుతుంది, పైగా కాల్చిన రొట్టె వాసన కూడా వస్తుంది. పిండి మాత్రం తాజాగా పట్టించిందే ఉండాలి, పాత జొన్నపిండి చేదెక్కుతుంది.

వెన్న ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసి, రెండు పిండులు, చక్కెర పొడి కలిపిన గిన్నెలో వేసి వేళ్ల కొసలతో నలపండి. అరచేతులు వద్దు, అరచేతి వేడికి వెన్న కరిగి పిండి జిడ్డు కడుతుంది. తడి ఇసుకలా అయ్యి, గుప్పిట పడితే ముద్దగా నిలబడి, వేలితో తాకితే విడిపోవాలి, అంతే, చపాతీ ముద్దలా పిసకొద్దు. నీళ్లు, పాలు ఏమీ పోయొద్దు. ఎండాకాలంలో మధ్యలోనే వెన్న జారుతున్నట్టు అనిపిస్తే గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టి మళ్లీ మొదలుపెట్టండి, టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

వెన్న బదులు నెయ్యి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వేయొచ్చు, కానీ అంతే బరువు వేయకూడదు. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నెయ్యి మొత్తం కొవ్వే, కాబట్టి 120 గ్రాముల వెన్న బదులు 95 నుంచి 100 గ్రాముల నెయ్యి చాలు, అది కూడా పేరుకున్న నెయ్యి. రుచి నాన్‌ఖటాయి వైపు వెళ్తుంది, బాగానే ఉంటుంది, కాకపోతే ముక్కలు కోసేటప్పుడు ఎక్కువ పొడి రాలుతుంది.

ట్రేలో కాగితం పరిచేటప్పుడు రెండు వైపులా నాలుగు వేళ్లంత బయటికి వదలండి, చివర్లో ఆ చెవులు పట్టుకునే మొత్తం బయటికి లేపాలి. కిరాణా కొట్లో బటర్ పేపర్ అని ఇచ్చేవన్నీ ఓవెన్‌కి పనికిరావు, కొన్నింటికి మైనం పూత ఉంటుంది, వేడికి అది కరిగి అంటుకుంటుంది. బేకింగ్ పేపర్ అని అడిగి తీసుకోండి. పిండిని సమంగా పరిచి, అడుగు చదునుగా ఉన్న గిన్నెతో గట్టిగా అదమాలి, మూలలు మర్చిపోవద్దు, ఫోర్క్‌తో అక్కడక్కడా పొడవాలి. ముందే 10 నిమిషాలు వేడి చేసిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 22 నుంచి 25 నిమిషాలు. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లో 160 చాలు, మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో ఇది కాలదు. అంచులు లేత బంగారు రంగుకు తిరిగి, మధ్యలో తెల్లదనం పోవాలి. తీసిన వెంటనే మెత్తగానే ఉంటుంది, కాలలేదేమో అని మళ్లీ లోపల పెట్టేయకండి, చల్లారితేనే గట్టిపడుతుంది.

ఓవెన్ లేనివాళ్లు మందపాటి పెద్ద గంజు తీసుకుని అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూత వేసి 15 నిమిషాలు వేడెక్కనివ్వండి, తర్వాత ట్రే దించి సన్న మంట కంటే కొంచెం ఎక్కువ మీద 30 నుంచి 35 నిమిషాలు. పైభాగం ఎర్రబడదు, అది చూసి మోసపోవద్దు, అంచులు ట్రే గోడను కాస్త వదిలితే అయినట్టే. ప్రెషర్ కుక్కర్ వాడితే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, లోపల నీళ్లు ఉండవు కదా.

ఇప్పుడు అసలు పని, కేరమెల్. మొదట్లో ఇది నాకు కుదిరేది కాదు. గడియారం చూసి 8 నిమిషాలకు దించితే ఒకసారి పులుసులా జారింది, ఇంకోసారి పల్లీ పట్టీలా పళ్లు ఊడేంత గట్టిగా అయింది. మా అత్తమ్మ పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తూ చూసి, "గడియారం ఎందుకు బిడ్డా, నీళ్లలో ఏసి చూడు" అంది. అరిసెలకు, పల్లీ ఉండలకు పాకం చూసినట్టే చల్లటి నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేయించింది. చుక్క కరిగి చెదిరిపోయింది. "ఇంక ఉండ కట్టలే, ఆగు" అంది. ఇంకో రెండు నిమిషాలకు చుక్క గిన్నె అడుగుకు దిగి అలాగే నిలబడింది, వేళ్ల మధ్యకు తీసుకుంటే మెత్తటి ఉండ అయింది, నొక్కితే సొట్టపడి మళ్లీ పైకి లేవలేదు. ఆ క్షణమే దించాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకు అది 112 నుంచి 114 డిగ్రీలు, లేనివాళ్లకు ఆ ఉండే థర్మామీటర్. తీగ పాకం దగ్గర దించితే మధ్య పొర కారుతుంది, గట్టి ఉండ దాకా పోనిస్తే పళ్లకు పని.

క్రమం ఇలా పెట్టుకోండి. బెల్లంలో మూడు చెంచాల నీళ్లు పోసి కరిగించి సన్న జల్లెడలో వడకట్టండి, ఎంత మంచి బెల్లమైనా ఇసుక, పిప్పి కొంచెం ఉంటాయి, మెత్తటి కేరమెల్‌లో ఒక ఇసుక రేణువు తగిలినా తినేవాళ్ల ముఖం మారిపోతుంది. వడకట్టిన దాన్ని అడుగు మందంగా ఉన్న గిన్నెలోకి మార్చి, వెన్న వేసి, రెండూ కలిసి బుడగలు వచ్చేదాకా ఉడికించి, చిటికెడు సోడా వేయండి. బెల్లానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, బెల్లం పాయసంలో పాలు విరిగేది అందుకే, సోడా ఆ పులుపును చంపుతుంది. నురగ లేస్తుంది, భయం లేదు, గిన్నె మాత్రం పెద్దది తీసుకోండి. మంట బాగా తగ్గించి కండెన్స్‌డ్ మిల్క్ మొత్తం పోసి, అక్కడి నుంచి చేయి ఆపొద్దు. ఫోన్ మోగినా, కుక్కర్ కూత పెట్టినా, గరిటె గిన్నె అడుగును గీకుతూ తిరుగుతూనే ఉండాలి, ఎందుకంటే పాలు, చక్కెర రెండూ ఉన్న ఈ ముద్ద ఒక్క నిమిషం వదిలితే అడుగంటి నల్లటి పెచ్చులు లేస్తాయి. అలా లేస్తే వాటిని కలపకుండా పైపైన వేరే గిన్నెలోకి వంచేయండి. 10 నుంచి 14 నిమిషాల్లో ముద్ద అంచులు వదులుతుంది, గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు నిలబడుతుంది, అప్పుడు నీళ్ల పరీక్ష మొదలుపెట్టండి. ఎండాకాలం అయితే ఉండ కాస్త గట్టిగా ఉన్నప్పుడు, చలికాలం అయితే మెత్తగా ఉన్నప్పుడే దించాలి, ఒక నిమిషం తేడా అంతే.

దించి పల్లీలు కలిపి, పూర్తిగా చల్లారిన కింది పొర మీద పోసి, తడి చేసిన చెంచా వీపుతో సర్దండి. వేడి పొర మీద వేడి కేరమెల్ పోస్తే వెన్న కిందికి దిగి అడుగంతా జిడ్డవుతుంది.

తర్వాత చేయాల్సింది ఆగడం, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కేరమెల్ లోపల వేడిగా ఉండగానే చాక్లెట్ పోస్తే రెండూ కలిసిపోతాయి, పొర అనేదే ఉండదు. ఫ్యాన్ కింద అరగంట, తర్వాత ఫ్రిజ్‌లో గంట. వేలితో తాకితే అచ్చు పడాలి గానీ అంటుకోకూడదు. అలాగని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టాక చాక్లెట్ పోసినా కుదరదు, చల్లదనానికి చాక్లెట్ పోసిన చోటే బిగుసుకుని కేరమెల్‌కు అంటదు, కోసేటప్పుడు పెంకులా లేచి వస్తుంది. రాత్రంతా ఉంచితే బయట 20 నిమిషాలు పెట్టి, పైన చెమట పడితే గుడ్డతో అద్ది, అప్పుడు పోయండి.

ఏప్రిల్, మే నెలల్లో నేను పనిని రెండు రోజులకు పంచుతాను. సాయంత్రం చల్లబడ్డాక కింది పొర కాల్చి మూతపెట్టి ఉంచుతాను, తెల్లవారి ఎండ ముదరకముందే కేరమెల్, ఎనిమిదీ ఎనిమిదిన్నరకు చాక్లెట్. మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల్లో పొయ్యి దగ్గర నిలబడి చేస్తే మనకూ ఓపిక ఉండదు, చాక్లెట్‌కూ ఉండదు.

చాక్లెట్ విషయానికొస్తే, కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్ రుచిలో పైచేయి, కానీ అది 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, పైగా దాన్ని సరైన వేడికి తెచ్చి దించే పద్ధతి, అదే టెంపరింగ్, చేయకపోతే తెల్లటి మచ్చలు పడతాయి. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది, కరిగించి పోస్తే దానంతట అదే గట్టిపడుతుంది, ఇంటి పనికి అదే నయం. నీళ్లు మరుగుతున్న గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, స్టవ్ ఆపేసి, ఆ ఆవిరికే కరిగించండి. గరిటె పొడిగా ఉండాలి, ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ ముద్ద కట్టేస్తుంది. కరిగాక చెంచా నూనె కలపండి, కోసేటప్పుడు పెళుసుగా పగలకుండా ఉంటుంది. పోసి, ట్రేను అటూ ఇటూ వంచి, గట్టు మీద రెండుసార్లు తట్టండి.

కోయడానికి పూర్తిగా గట్టిపడే దాకా ఆగొద్దు. చాక్లెట్ మెరుపు పోయి, ఇంకా కొంచెం మెత్తగా ఉన్నప్పుడే కత్తితో పైపొర మీద గీతలు పెట్టేయండి, తర్వాత గంట ఫ్రిజ్. బయటికి తీసి, కత్తిని వేడి నీళ్లలో ముంచి, తుడిచి, గీత మీద నిలువుగా ఒక్క నొక్కు నొక్కాలి, రంపంలా కోయొద్దు. ప్రతి కోతకూ ముంచడం, తుడవడం తప్పదు, లేకపోతే కేరమెల్ చాక్లెట్ మీదికి పాకుతుంది. అయిదు వరుసలు, అయిదు నిలువులు, 25 ముక్కలు. పెద్ద ముక్కలు కోయాలనిపిస్తుంది గానీ ఈ తీపికి 4 సెంటీమీటర్ల ముక్క చాలు.

మధ్య పొర నిమ్మతో కావాలంటే పద్ధతి మొత్తం తిరగబడుతుందని గుర్తుపెట్టుకోండి. నకిరేకల్ వైపు నుంచి మంచి రసం ఉన్న నిమ్మకాయలు దొరికినప్పుడు ఇది చేసుకోవాలి. మూడు కోడిగుడ్లు, 200 గ్రాముల చక్కెర, 100 మిల్లీలీటర్ల నిమ్మరసం, 30 గ్రాముల మైదా నురగ రాకుండా కలిపి, కింది పొర ఓవెన్‌లోంచి వచ్చిన వేడి మీదే పోసి, 160 దగ్గర 20 నిమిషాలు మళ్లీ కాల్చాలి. ఇక్కడ వేడి పొరే కావాలి, పోసిన వెంటనే అడుగున గుడ్డు పట్టుకుని లోపలికి ఇంకకుండా అడ్డుకుంటుంది. పైన చాక్లెట్ వద్దు, చల్లారాక చక్కెర పొడి చల్లితే చాలు.

నిల్వకు గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటాయి, తినే పది నిమిషాల ముందు తీయండి. ప్రయాణం అయితే మాత్రం జాగ్రత్త. ఒకసారి మే నెలలో నల్లగొండలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి మధ్యాహ్నం బస్సులో తీసుకెళ్లాను. కల్వకుర్తి దాటేసరికే డబ్బా చేతికి వేడిగా తగిలింది, అక్కడికి వెళ్లి మూత తీస్తే చాక్లెట్ ఒక పక్కకు జారి, పల్లీలన్నీ ఒక మూలకు చేరి ఉన్నాయి. పిల్లలు చెంచాలతో తిన్నారు, నాకు మాత్రం చాలా బాధేసింది. ఆ తర్వాత నుంచి ముందు రాత్రే ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టి, స్టీలు డబ్బాలో వరుస వరుసకూ కాగితం వేసి సర్ది, డబ్బా చుట్టూ గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పెట్టి మందపాటి తువ్వాలు చుడుతున్నాను. మొదటి బస్సుకే బయల్దేరతాను. మొన్న అలా తీసుకెళ్తే గీతల వెంట కోసిన అంచులు కోసినట్టే ఉన్నాయి, మా ఆడబిడ్డ ఒక ముక్కను పక్కకు తిప్పి మూడు పొరలూ చూసి, "వదినా, ఈసారి నాకూ నేర్పు" అంది. ఆ రోజు సాయంత్రమే వాళ్లింట్లో పల్లీలు వేయించడం మొదలుపెట్టాం.